గురువారం కూడిక, చివరి బస్సు: పాలమూరులో ఒక విద్యార్థి పరిచర్యపై ఒక తండ్రి అభిప్రాయం

పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్ పట్టణంలో ఒక క్రైస్తవ సంఘం కళాశాల విద్యార్థుల కోసం ప్రతి గురువారం సాయంత్రం ఒక కూడిక నడుపుతోంది. మా అమ్మాయి 2022లో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్ ద్వారా సీటు వచ్చి బీఎస్సీలో చేరినప్పటి నుంచి 2025లో ఆరో సెమిస్టరు పరీక్షలు రాసేవరకు ఆ కూడికకు వెళ్లింది. ఇప్పుడు మా అన్నగారి కుమారుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరి అక్కడికే వెళ్తున్నాడు. నేను దేవరకద్ర మండలంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని, మా ఊరి చిన్న సంఘంలో పెద్దలలో ఒకడిని. హోటలు గురించో, సెల్‌ఫోన్ దుకాణం గురించో రాసినట్లు దేవుని పరిచర్య గురించి మంచిచెడ్డలు రాయవచ్చా అని కొందరికి అనిపించవచ్చు. పిల్లలను హాస్టల్లో చేర్పించే ముందు మెస్సులో అన్నం ఎలా ఉంటుంది, నీళ్లు వస్తాయా, వార్డెన్ ఎలాంటివాడు అని పదిమందిని విచారించే మనం, వాళ్ల ఆత్మీయ జీవితాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో ఒక్కరినైనా అడగము. ఆ లోటు కొంతైనా తీరుతుందని ఇది రాస్తున్నాను.

సంఘం పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నాయి, ఆ తప్పులను చర్చించవలసిన చోటు ఆ సంఘపు కమిటీయే. బస్టాండు నుంచి నడిచి పది నిమిషాల్లో చేరగలిగిన చోట ఉందని మాత్రం చెబుతాను, ఎందుకంటే ఈ పరిచర్య నిలబడటంలో ఆ పది నిమిషాలకు నేను విన్న ప్రసంగాలన్నిటికంటే పెద్ద పాత్ర ఉంది.

కూడిక మధ్యాహ్నం 3:45కు మొదలై సరిగ్గా 5 గంటలకు ముగుస్తుంది. ప్రధాన మందిరంలో కాదు, దాని వెనుక ఉన్న సండే స్కూలు గదిలో జరుగుతుంది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలు, పైన రెండు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరిగేటప్పుడు కిర్రుమంటుంది, గోడకు పిల్లలు గీసిన నోవహు ఓడ బొమ్మ. మొదటి పది నిమిషాలు టీ, సమోసా. కళాశాల నుంచి నేరుగా వచ్చేవారిలో చాలామంది పొద్దున ఏడింటికి ఇల్లు వదిలినవారే కాబట్టి ఈ పది నిమిషాలను ఎవరూ అలంకారమని అనుకోకూడదు. ఆ తరువాత రెండు పాటలు, అరగంట వాక్యధ్యానం, నలుగురైదుగురు చొప్పున గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడం, చివర ప్రార్థన. విద్యార్థులు నాయకుడిని అన్న అనీ, ఆయన భార్యను అక్క అనీ, సంఘ కాపరిని అయ్యగారనీ పిలుస్తారు. అయ్యగారు నెలకొకసారి వచ్చి చివరి వరుసలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడకుండా వెళ్లిపోతారు. ఒక కాపరికి ఇది ఎంత కష్టమైన క్రమశిక్షణో సంఘ పెద్దగా నాకు తెలుసు.

నన్ను ఆకట్టుకున్న వస్తువు ఒకటి ఉంది. తలుపు పక్కన చిన్న బల్లమీద అట్ట చిరిగిన పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. మొదటిసారి వెళ్లిన రోజు, బడిపంతులు అలవాటు కాబట్టి, దాన్ని తెరిచి చూశాను. పేరు, కళాశాల, సంవత్సరం, ఊరు అని గీతలు గీసిన గడులు ఉన్నాయి. ఐదో గడికి పైన చివరి బస్సు అని రాసి ఉంది. కోయిలకొండ వైపు పల్లె నుంచి వచ్చే ఒక అబ్బాయి తన పేరు పక్కన ఆ గడిలో 5:20 అని రాసి, కింద చిన్న అక్షరాలతో తర్వాత లేదు అని చేర్చాడు. కొందరు హాస్టల్ అనీ, కొందరు బండి అనీ రాశారు. దేవరకద్ర రాయచూరు రోడ్డు మీదనే ఉంది కాబట్టి మా అమ్మాయికి బస్సుల బాధ లేదు, ఆమె గడిలో ఒక అడ్డగీత మాత్రమే ఉంది. కూడిక 5 గంటలకు ఎందుకు ముగుస్తుందో ఆ పేజీ చూస్తే అర్థమైంది. ముగింపు ప్రార్థన ఎంతసేపు చేయాలో నిర్ణయించింది ఆ గడి.

ఈ సంఘం మొదట్లో అందరిలాగే శనివారం సాయంత్రం యవ్వనస్థుల కూడిక పెట్టిందని పాత సభ్యులు చెప్పారు. హైదరాబాదులో శని, ఆదివారాలు నడిచే పద్ధతి ఇక్కడ ఎందుకు నడవదో తెలుసుకోవడానికి వారికి రెండేళ్లు పట్టిందట. పాలమూరులో చదువుకునే పిల్లవాడు శనివారం మధ్యాహ్నానికి ఊరికి వెళ్లిపోతాడు. కొందరి తల్లిదండ్రులు బొంబాయికో, పూణేకో మేస్త్రీ పనికి వలస వెళ్లి ఉంటారు కాబట్టి ఇంటి దగ్గర ముసలివాళ్లను చూసుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా బియ్యమో పచ్చడో తెచ్చుకోవాలి. పైగా ఆదివారం అతనికి సొంత ఊరి సంఘం ఉంటుంది, అక్కడ పాట ఎత్తుకునేది, తబలా వాయించేది, సండే స్కూలు చెప్పేది చాలా చోట్ల అతనే. పట్టణ సంఘం ఆదివారం అతన్ని తన దగ్గర ఉంచుకోవాలని చూస్తే పల్లెలోని సంఘానికి ఉన్న ఒక్క చదువుకున్న కుర్రవాడిని లాక్కున్నట్లే అవుతుంది. మా ఊరి సంఘం నుంచి మాట్లాడుతున్నాను కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను. గురువారం కూడిక మా అమ్మాయిని మాకు ఆదివారం తిరిగి పంపింది, మునుపటికంటే మెరుగ్గా పంపింది.

కళాశాల పరిచర్యకు ఉన్న అసలు చిక్కు మరొకటి. డిగ్రీ మూడేళ్లలో అయిపోతుంది. మామూలు సంఘంలో ఒక కుటుంబం చేరితే ముప్పై ఏళ్లు ఉంటుంది, ఇక్కడ మూడేళ్లు తిరిగేసరికి గదిలో ఉన్నవారంతా కొత్త ముఖాలు. మొదటి సంవత్సరం వాడు భయం తీరి నోరు విప్పేసరికి రెండో సెమిస్టరు అయిపోతుంది, మూడో సంవత్సరం వాడి మనసు పీజీ ఎంట్రెన్సు మీదో, పోలీసు ఉద్యోగం మీదో ఉంటుంది. అంటే నిజంగా భుజం పెట్టి మోయగలిగిన కాలం నడుమ ఉన్న ఒకటిన్నర ఏడాది మాత్రమే. దోస్త్ ప్రవేశాలు విడతలు విడతలుగా జరుగుతాయి కాబట్టి మొదటి సంవత్సరం వారు ఒక్కసారిగా రారు, ఒక్కొక్కరుగా వర్షాకాలమంతా చేరుతూనే ఉంటారు. ఏటా ఒక పెద్ద స్వాగత సభ పెట్టి చేతులు దులుపుకునే పరిచర్యలు ఈ సంగతి తెలియక సగంమందిని పోగొట్టుకుంటాయి. ఈ గురువారం కూడికలో స్వాగత సభ లేదు. కొత్తవారు వచ్చిన ప్రతి వారం, వారి కళాశాలలోనే చదివే రెండో సంవత్సరం వారొకరు పక్కన కూర్చోవాలని నియమం ఉంది. ఇద్దరూ ఒకే బస్సు ఎక్కేవారైతే ఇంకా మంచిది.

అప్పగింత పని నాలుగో సెమిస్టరులోనే మొదలవుతుంది. పాటలు చూసేవారు, రిజిస్టరు చూసేవారు, టీ లెక్క చూసేవారు, గుంపులు నడిపేవారు అని నాలుగు బాధ్యతలు ఉన్నాయి, ఒక్కో బాధ్యతకు ఇద్దరు, ఆ ఇద్దరూ ఒకే సంవత్సరం వారై ఉండకూడదు. మా అమ్మాయి రెండో సంవత్సరంలో టీ లెక్క తీసుకుంది. బీఎస్సీ చదివే పిల్లకు టీ లెక్కలో ఏమి ఆత్మీయత ఉందని మా ఇంటావిడ అడిగింది, నాకూ అప్పట్లో సమాధానం తెలియదు. ముప్పైమందికి టీకి పది, సమోసాకు పది చొప్పున వారానికి 600 రూపాయలు, పరీక్షలూ సెలవులూ పోగా ఏడాదికి ముప్పై వారాలు, మొత్తం 18,000. ఇందులో సగం సంఘం ఇస్తుంది. మిగతా సగం ఇక్కడి నుంచి వెళ్లి ఉద్యోగాల్లో చేరిన పూర్వ విద్యార్థులు నెలకు రెండు వందల చొప్పున పంపుతారు, వాళ్లు నలుగురే ఉన్నా చాలు. ఆ డబ్బు అడగడానికి తనకంటే పదేళ్లు పెద్దవాళ్లకు ఫోన్లు చేయవలసి వచ్చినప్పుడు మా అమ్మాయి మాట్లాడే తీరే మారిపోయింది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1954లో మొదలైన యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా), మన కళాశాలల్లో ఈయూ అని పిలుచుకునే క్రైస్తవ విద్యార్థి సహవాసం, మొదటి నుంచీ విద్యార్థులే నడపాలి, పట్టభద్రులు వెనుక నిలవాలి అనే సూత్రం మీదనే నడిచింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా గదిలో నలుగురం కూర్చుని బైబిలు చదువుకున్నది కూడా ఆ సహవాసం పుణ్యమే. తేడా ఏమిటంటే ఈయూ ఏ ఒక్క సంఘానికీ చెందినది కాదు, ఈ గురువారం కూడిక ఒక సంఘం నీడలో ఉంది. నీడ వల్ల గది, కరెంటు, సగం ఖర్చు వచ్చాయి. నీడ వల్ల వచ్చే ఇబ్బందులూ వచ్చాయి, వాటిని కింద రాస్తాను.

ఇంకా వెనక్కి వెళితే మన జిల్లాలకు ఈ పని అసలే కొత్త కాదు. రష్యా నుంచి వచ్చిన మిషనరీలు ఏబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టారు, 1899లో మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన అమెరికా సంఘాల నుంచి తొలి మిషనరీలు హైదరాబాదు రాజ్యంలోకి వచ్చారు. ఆ తరువాత దశాబ్దాల్లో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, దేవరకొండల్లో మిషన్ కంపౌండ్లు, బడులు, బోర్డింగులు వెలిశాయి. మా తాతగారు అలాంటి బోర్డింగులో చదివారు. పొద్దున ప్రార్థన, రాత్రి ప్రార్థన, మధ్యలో బావి నుంచి నీళ్లు తోడటం, అన్నీ ఒకే ఆవరణలో జరిగేవి. చదువు, తిండి, విశ్వాసం మూడూ ఒకే గోడ లోపల ఉన్న కాలమది. ఇవాళ పిల్లవాడి కళాశాల ఒకచోట, హాస్టలు ఒకచోట, సంఘం ఒకచోట, మనసు చేతిలోని ఫోనులో. బోర్డింగు రోజులను తలచుకుని నిట్టూర్చే పెద్దలు మా సంఘంలోనూ ఉన్నారు, కానీ ఆ ఆవరణ తిరిగి రాదు కాబట్టి వారానికి డెబ్బై అయిదు నిమిషాలు మాత్రమే దొరుకుతాయన్న నిజం మీదనే ఏ పరిచర్య అయినా లేవాలి.

ఆ డెబ్బై అయిదు నిమిషాలను ఒకసారి ఎంత దారుణంగా పాడుచేశారో చెప్పాలి. 2023 డిసెంబరులో, క్రిస్మసుకు ముందు గురువారం, బయటినుంచి ఒక ప్రసంగీకుడిని పిలిచారు. ఆ రోజు నేను పట్టణంలో పని ఉండి వెళ్లాను. ఆయన 4:10కి మైకు అందుకున్నారు. 4:50కి రిజిస్టరు చూసే అమ్మాయి లేచి గోడ గడియారం కింద నిలబడింది, అది అక్కడి సంకేతం. ఆయన గమనించలేదు, లేక గమనించి కూడా పట్టించుకోలేదు. 5:05కు వెనుక వరుసలో ఒక అబ్బాయి పక్కవాడితో, నాకు వినపడేలాగే, గిప్పుడు బస్సు పోతది, గా సారు ఇంక ఆపుతలేడు అన్నాడు. 5:15కు అతనూ ఇంకో ఇద్దరూ బ్యాగులు పట్టుకుని లేచారు. ప్రసంగీకుడు మైకులోనే, సాతాను యవ్వనస్థులను వాక్యం మధ్యలోంచి ఎలా లేపుకుని పోతాడో చూడండి అన్నారు. ఆ ముగ్గురూ సిగ్గుపడి మళ్లీ కూర్చున్నారు. ప్రసంగం 5:50కి ముగిసింది. కోయిలకొండ వైపు వెళ్లవలసిన ఆ అబ్బాయికి బస్సు లేదు. అన్న తన బండి మీద చలిలో దింపివచ్చాడు, తిరిగి ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటిందట.

త్రోయ పట్టణంలో అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే యవ్వనస్థుడు మూడో అంతస్తు కిటికీలోంచి నిద్రమత్తులో పడిపోయిన సంగతి అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. ప్రసంగీకులందరూ దాన్ని నిద్రపోయేవారికి హెచ్చరికగా వాడుకుంటారు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి ఆ పిల్లవాడిని కౌగిలించుకున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తరువాతి గురువారం అన్న విద్యార్థులకు క్షమాపణ చెప్పి, బయటి ప్రసంగీకులు ఇకమీదట ఏడాదికి ఇద్దరే, ఇరవై అయిదు నిమిషాలే అని బోర్డు మీద రాశాడు. ఆ నియమం నేటికీ ఉంది. అయినా ఆ అబ్బాయి సంక్రాంతి దాటేదాకా రాలేదు, అతను తిరిగి రావడానికి కారణం కూడా ప్రసంగం కాదు, ఆ రాత్రి బండి ప్రయాణమేనని అతనే మా అమ్మాయితో అన్నాడు.

పరిచర్యకు అసలు పరీక్ష 2024 వేసవి తరువాత వచ్చింది. అన్న బ్యాంకు ఉద్యోగి, బదిలీ మీద వేరే జిల్లాకు వెళ్లిపోయాడు, అక్క కూడా వెళ్లింది. ఒక మనిషి చుట్టూ అల్లుకున్న పరిచర్య ఆ మనిషి వెళ్లగానే రాలిపోవడం మనందరం చూసినదే. కమిటీలో కొందరు పెద్దలు గురువారం కూడికను ఆదివారం యవ్వనస్థుల కూడికలో కలిపేద్దామన్నారు, కరెంటు ఖర్చు కలిసివస్తుందని కూడా ఒకరు అన్నారని విన్నాను. రెండు ఫ్యాన్లలో ఒకటి సరిగా తిరగని గదికి కరెంటు ఖర్చేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అప్పుడు మూడో సంవత్సరంలోకి వచ్చిన మా అమ్మాయి తరగతి వారు ఆరుగురు అయ్యగారి దగ్గరకు వెళ్లి మూడు నెలలు గడువు అడిగారు. ఒక దశలో హాజరు తొమ్మిదికి పడిపోయింది. ఆ తొమ్మిదిమందీ రిజిస్టరు రాశారు, టీ తాగారు, అన్న వదిలివెళ్లిన నోటు పుస్తకం ప్రకారం వాక్యధ్యానం చేశారు, 5 గంటలకు తాళం వేశారు. ఆసుపత్రిలో నర్సుగా పదవీ విరమణ చేసిన ఒక అమ్మగారు, సంఘ సభ్యురాలే, మూడో వారం నుంచి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమె ప్రసంగించరు, పాడరు. ఎవరు రాలేదో చూసి శుక్రవారం పొద్దున వాళ్లకు ఫోను చేస్తారు. అక్టోబరుకల్లా హాజరు ఇరవై దాటింది. నాయకుడి స్థానంలో ఇంకో నాయకుడు దొరికినందువల్ల కాదు, పని ముక్కలు ముక్కలుగా అప్పటికే విద్యార్థుల చేతుల్లో ఉన్నందువల్లే ఇది నిలబడింది.

ఆ నోటు పుస్తకం గురించి రెండు మాటలు చెప్పాలి. ఆరు సెమిస్టర్లకు ఆరు భాగాలుగా పాఠాలు రాసి ఉన్నాయి, మూడేళ్లు వచ్చిన విద్యార్థి ఒకే పాఠం రెండుసార్లు వినడు. మొదటి సెమిస్టరు దానియేలు గ్రంథంతో మొదలవుతుంది. బబులోను రాజు యూదా యువకులకు పెట్టించిన శిక్షణ కూడా మూడు సంవత్సరాలేనని మొదటి అధ్యాయంలో ఉంది కదా, ఆ మాట వినగానే డిగ్రీ పిల్లలు నవ్వుతారట. పరాయి భాష, పరాయి తిండి, మార్చివేసిన పేరు, వీటిమధ్య ఏది ఒప్పుకోవాలి, ఏది ఒప్పుకోకూడదు అన్న చర్చ హాస్టల్ జీవితానికి నేరుగా తగులుతుంది. పేరు మార్చినా దానియేలు ఊరుకున్నాడు, తిండి దగ్గర మాత్రం ఎందుకు ఆగాడు అని ఒక గుంపు చాలాసేపు వాదించుకోవడం నేను విన్నాను. నాలుగో సెమిస్టరులో తిమోతికి రాసిన పత్రికలు, ఆరులో ఫిలిప్పీయులకు రాసినది. పాఠాలు వాడుక తెలుగులో, ప్రశ్నల రూపంలో ఉన్నాయి.

కష్టమైన ప్రశ్నలను దాటవేయకపోవడం ఈ కూడికలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. మన పిల్లల్లో చాలామందికి కళాశాల దరఖాస్తులో మతం గడి దగ్గర చెయ్యి ఆగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు మాత్రం అది లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి, వారి సంతానానికి మన దగ్గర బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఇంట్లో ఒక మాట, ధృవపత్రంలో ఒక మాట, స్కాలర్‌షిప్పు ఫారంలో ఒక మాట ఉన్న పిల్లవాడు విశ్వాసం గురించి ఏ పాట పాడినా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఈ సంగతి వేదికల మీద ఎవరూ ఎత్తరు. ఇక్కడ ఒక గురువారం సంఘ సభ్యుడైన వకీలును పిలిచి చట్టం ఏమి చెబుతోందో చెప్పించారు, ఆ తరువాత ఎవరినీ తీర్పు తీర్చకుండా గుంపుల్లో మాట్లాడుకోనిచ్చారు. ఆ రోజు ఇంటికి వచ్చి మా అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్నలకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. పెళ్లి, కట్నం, తరగతిలో హిందూ, ముస్లిం స్నేహితులతో పండుగలు, ప్రేమలు, ఇవన్నీ కూడా చర్చకు వచ్చాయి, కొన్ని బాగా, కొన్ని పైపైన.

పోల్చి చూడటానికి నాకు ఇంకొక అనుభవం ఉంది. మా చెల్లెలి కుమారుడు నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో పీజీ చేశాడు. 2007లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం ఆవరణ పట్టణానికి బయట, నార్కట్‌పల్లి వెళ్లే దారిలో ఎల్లారెడ్డిగూడెం దగ్గర ఉంది. పట్టణంలో ఒక సంఘం ఆదివారం సాయంత్రం ఆరింటికి విద్యార్థుల ఆరాధన మొదలుపెట్టింది. పెద్ద తెర, మంచి సౌండు, శిక్షణ పొందిన పాటల బృందం, అన్నీ ఉన్నాయి, నేను ఒకసారి వెళ్లి నిజంగానే సంతోషించాను. రెండో ఏడాదికల్లా అక్కడ మిగిలింది ఆ సంఘ కుటుంబాల పిల్లలే. ఆవరణలోని హాస్టలుకు రాత్రి ఎనిమిది తరువాత తిరిగి వెళ్లడానికి ఆటోకు నలుగురు దొరకాలి, దొరకకపోతే ఒక్కరే మొత్తం ఆటో డబ్బు ఇచ్చుకోవాలి. మా మేనల్లుడు మూడు నెలల తరువాత మానేశాడు. ఆ సంఘం ఖర్చుపెట్టిన దాంట్లో పదోవంతు పెట్టి విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక గురువారం కూడిక లోపాలు. ఐదు నక్షత్రాలకు నేను నాలుగు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ ముఖ్యంగా మూడో సంవత్సరం చివర జరిగేదాని కోసం. చదువు అయిపోగానే పిల్లలు హైదరాబాదు వెళ్తారు. గ్రూప్స్ కోచింగుకు అశోక్‌నగర్, సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, ఎవరి దారి వారిది. మూడేళ్లు ఇంత జాగ్రత్తగా, బస్సు వేళలు కూడా రాసుకుని కాపాడినవారు, చివరి గురువారం కేకు కోసి, ఒక బైబిలు చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపించేస్తారు. అక్కడ ఏ సంఘానికి వెళ్లాలి, ఎవరిని కలవాలి, ఒక ఉత్తరం గాని, ఒక ఫోను నంబరు గాని లేదు. మా అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో చేరిన తరువాత నాలుగు నెలలు ఏ సంఘానికీ వెళ్లలేదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఏరు దాటించేటప్పుడు రేవు దాకా తెచ్చి దింపినట్టయింది, అవతలి ఒడ్డున చెయ్యి పట్టుకునేవారు లేరు.

రెండో లోపం అమ్మాయిల విషయంలో. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైన తరువాత ఈ కూడికకు వచ్చే అమ్మాయిల సంఖ్య పెరిగింది. హాస్టలు మాని ఇంటి నుంచే రోజూ వచ్చిపోయేవారు ఎక్కువయ్యారు, ఇప్పుడు గదిలో సగానికి పైగా వాళ్లే. అయినా గుంపులు నడిపేవారు దాదాపు అబ్బాయిలే, టీ పోసేది దాదాపు అమ్మాయిలే. అన్న వెళ్లిపోయిన ఆ మూడు నెలలు కూడికను నిలబెట్టిన ఆరుగురిలో నలుగురు అమ్మాయిలు అన్న సంగతి కమిటీ పెద్దలకు గుర్తుచేయవలసి రావడం నాకు నచ్చలేదు. దీనికి తోడు, వెనుక ఉన్న స్నానాలగది తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, వాచ్‌మన్ నాలుగింటికి టీకి వెళ్తాడు. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలిన ఆడపిల్లలకు ఇది ఎంత ఇబ్బందో మగవాళ్లతో నిండిన కమిటీకి మూడేళ్లలో తట్టలేదు.

మూడో విషయం చిన్నది. నర్సింగు, ఇంజనీరింగు విద్యార్థులకు ఈ వేళ కుదరదు. నర్సింగు హాస్టళ్లు గురువారం బయటికి పంపవు, ఇంజనీరింగు కళాశాలల బస్సులు ఆవరణ నుంచి నేరుగా ఊళ్లకు వెళ్లిపోతాయి. అందరికీ ఒకే కూడిక సరిపోదు, ఆ పిల్లల కోసం ఇంకొక సంఘం ఇంకొక రోజు చూడాలి.

పిల్లలను మహబూబ్‌నగర్‌లో డిగ్రీకి చేర్పించే తల్లిదండ్రులు, తరగతులు మొదలైన మొదటి నెలలోనే ఒకసారి స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేయడం మంచిది. సెమిస్టరు పరీక్షల వారాల్లో కూడిక ఉండదు, ప్రాక్టికల్సు ఉన్నప్పుడు ముప్పావు గంటకు కుదిస్తారు. కానుక సంచి తిప్పరు. బాప్తిస్మం విషయం ఎత్తినప్పుడు సొంత ఊరి కాపరితో మాట్లాడమనే చెబుతారు, మా సంఘం నుంచి ఎవరినీ ఆ సంఘంలో సభ్యులుగా చేర్చుకోలేదు. ఇలాంటిది తమ పట్టణంలో మొదలుపెట్టాలనుకునే సంఘ పెద్దలు ప్రసంగీకుల జాబితా రాసుకోవడానికి ముందు ఒక రోజు బస్టాండులో సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు కూర్చుని పిల్లలు ఏ ఊరి బస్సులు ఎక్కుతున్నారో రాసుకోవాలని నా సలహా.

పోయిన నెల మా అన్నగారి కుమారుడిని పరిచయం చేయడానికి వెళ్లాను. కిర్రుమనే ఫ్యాను అలాగే ఉంది. ఆ కోయిలకొండ వైపు అబ్బాయి ఇప్పుడు పట్టణంలోనే ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు, గురువారం గంటన్నర అనుమతి తీసుకుని వస్తున్నాడు, మావాడి పక్కన కూర్చున్నది అతనే. మావాడు రిజిస్టరులో పేరు రాసి, చివరి బస్సు గడి దగ్గర ఆగి ఏమి రాయాలని నావైపు చూశాడు. నేను పేజీలు తిప్పుతుంటే చివరి అట్ట లోపల మా అమ్మాయి చేతిరాత ఒకటి కనిపించింది, కమిటీకి అడగవలసినవి అని పైన రాసి, కింద రెండే పంక్తులు ఉన్నాయి. స్నానాలగదికి రెండో తాళంచెవి. హైదరాబాదు వెళ్లేవారికి అయ్యగారి ఉత్తరం. మొదటి పంక్తి పక్కన మూడు తేదీలు వేసి ఉన్నాయి, మూడుసార్లు అడిగినట్లుంది.